కొత్త చెత్త

పోయిన జూన్‌లో ఓ రాత్రి ఎనిమిదిన్నరకి మా అమ్మాయి స్కూలు గ్రూపులో మెసేజ్ వచ్చింది. “రేపు బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్. ప్రతి విద్యార్థీ మూడు ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, ఇరవై ఐస్‌క్రీం పుల్లలు, ఒక పాత సీడీ, కొంచెం పాత ఊలు తప్పక తేవాలి. కొత్తవి కొనరాదు.” ఆఖరి మాట చదివాక చెమట పట్టింది. కొనుక్కోండి అంటే ఇంత భయం ఉండేది కాదు.

మా ఇంట్లో వాడేసిన వస్తువులున్నాయి గానీ పారేసే వస్తువుల్లేవు. కారణం మా అమ్మ. పాల ప్యాకెట్టు మూల కత్తిరించి, కడిగి, వంటింటి టైల్స్‌కి అంటించి ఆరబెట్టి, నెలకోసారి కట్ట కట్టి అమ్ముతుంది. నా బనీను మొదట నాది, తర్వాత స్కూటరు తుడిచేది, ఆ తర్వాత మసిగుడ్డ. ఇంట్లో సీసాలు లేవా అంటే ఉన్నాయి. ఒకదాంట్లో దీపారాధన నూనె, ఒకదాంట్లో ఇంగువ వేసిన మజ్జిగ మిరపకాయలు, హార్లిక్స్ సీసాలో చింతపండు. “ఒక్క ఖాళీ సీసా ఇవ్వవే” అంటే, “ఖాళీగా ఎందుకుంటుందిరా, అదేమైనా నువ్వా?” అంది. ఆరోజు ఆదివారంలెండి.

వీధి చివర స్టేషనరీ షాపుకి పరిగెత్తాను. కూకట్‌పల్లిలో రాత్రి తొమ్మిదింటికి కూడా చెత్త దొరికే చోటు అదొక్కటే. నా ముందు ఇంకో ఐదుగురు తండ్రులున్నారు. షాపతను నా మొహం చూడగానే, “వేస్టా సార్?” అన్నాడు. ఐస్‌క్రీం పుల్లలు యాభైకి ఒక ప్యాకెట్టట. అవి జన్మలో ఐస్‌క్రీం మొహం చూసినవి కావు. పాత సీడీ లేదు, కొత్త సీడీ ఉంది, ఇంటికెళ్లి నేలమీద రుద్దుకోమన్నాడు. ఊలు రెండు ఉండలు. పక్క కొట్లో మూడు కూల్‌డ్రింకులు కొని, తాగడానికి టైం లేక ఇంట్లో పెద్ద గిన్నెలోకి ఒంపాం. అవన్నీ అంటించడానికి గ్లూ గన్ కావాలని మా ఆవిడంది. సామానుకి రూ. 485, తుపాకికి రూ. 650. పన్నెండింటికి పెన్నుల స్టాండు తయారైంది. మేం పెన్నులు పెట్టుకునే హార్లిక్స్ సీసా ఆ పక్కనే ఉండి అంతా చూసింది.

ఆ ప్రాజెక్టుకి మొదటి బహుమతి వచ్చింది. దాంతో ఇంట్లోవాళ్లకి ఊపొచ్చింది. ఈ ఏడాదంతా ఏ కాలానికి తగ్గది ఆ కాలంలో చేత్తోనే చేద్దాం, పిల్లకి పొదుపు తెలుస్తుంది అని మా ఆవిడ తీర్మానించింది. నేను డైరీలో కొత్త పద్దు తెరిచి ‘పొదుపు’ అని రాసి, దాని కింద జమ గడి, ఖర్చు గడి గీశాను. జమ గడిని ఇంకో పనికి వాడుకోవచ్చని తర్వాత తెలిసింది.

వినాయక చవితికి మట్టి బొమ్మ. మట్టి కోసం అమ్మ ఊళ్లో అయితే చెరువుకి వెళ్తారు, కళ్లకి రెండు గురివింద గింజలు పెడతారు, పని అయిపోతుంది. మాకు కిట్టు వచ్చింది, రూ. 599. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే చెప్పింది కాబట్టి, ప్రకృతిని కాపాడే ఆ కిలో మట్టిని థర్మకోల్ పెట్టెలో పెట్టి, దాని మీద బుడగల ప్లాస్టిక్ చుట్టి, ఆపైన ఇంకో కవరేసి పంపారు. మా ఊరి హెచ్ఎండీఏ మట్టి విగ్రహాలు ఉచితంగానే పంచుతుంది గానీ, ఉచితంగా తెచ్చుకుంటే పిల్లకి పొదుపెలా తెలుస్తుంది? తొండం మూడుసార్లు ఊడింది. నాలుగోసారి గ్లూ గన్‌తో అంటించాను. నిమజ్జనం బకెట్లో చేస్తే స్వామి అంతా కరిగి, తొండం ఒక్కటీ తేలింది. ఇక పత్రి సంగతి. ఇరవై ఒక్క రకాలని చెప్పి అమ్మిన కట్టలో అమ్మ లెక్క పెడితే నాలుగు తేలాయి. ఉత్తరేణి ఏదని అమ్మ అడిగితే అమ్మేవాడు గూగుల్లో చూపించాడట.

దసరాకి కింది ఫ్లోర్ వరంగల్ వదినగారితో కలిసి మా ఆవిడ బతుకమ్మ పేర్చింది. ఈ ఒక్క పద్దులో ఖర్చు లేదు, పూలన్నీ వదినగారే తెచ్చారు. “చెల్క గట్ల మీద గునుగు కలుపు లెక్క మొలుస్తది వదినా, మేం పీకి పారేసెటోళ్లం. ఇయ్యాల కట్టకింతని రేటు చెప్తున్రు” అని ఆవిడ నవ్వారు. రంగులు కూడా అద్దేసి అమ్ముతున్నారట. మా అమ్మాయి ఫొటో తీసుకునేలోపే తంగేడు వాడిపోయింది.

దీపావళికి నేను బరిలోకి దిగాను. చిన్నప్పుడు కోనసీమలో మేం టపాకాయలు కొన్నది తక్కువ. తాటిచెట్టు మగ పూగెలల్ని కాల్చి బొగ్గు చేసి, ఉప్పు కలిపి దంచి, పాతగుడ్డలో పొట్లం కట్టి, చీల్చిన తాటిమట్ట మధ్య బిగించి, నిప్పు ముట్టించి, తాడు పట్టుకుని తల చుట్టూ తిప్పితే రవ్వలు పూలల్లే రాలేవి. ఉప్పు పొట్లం అనేవాళ్లం. పైసా ఖర్చులేని చిచ్చుబుడ్డి. ఆ వైభవం పిల్లకి చూపించాలి కదా. కూకట్‌పల్లిలో మగ తాటిచెట్టు ఎక్కడుంది? ఉన్నా ఎక్కేదెవరు? చివరికి బార్బెక్యూ వాళ్లు వాడే బొగ్గు ఆన్‌లైన్లో తెప్పించాను, రూ. 450. దానిమీద ‘పొగ రాదు, రవ్వలు ఎగరవు’ అని హామీ రాసి ఉంది. హామీ నిలబెట్టుకున్నారు. పదిహేను నిమిషాలు తిప్పితే ఒక్క రవ్వా రాల్లేదు. పదహారో నిమిషంలో పొట్లం మొత్తం ఊడి నా పంచె మీద పడింది. అపార్టుమెంటు సెక్రటరీ మీటింగు పెట్టారు. పంచెకి పడిన తొమ్మిది చిల్లుల్ని లెక్కపెట్టి, “పోన్లే, బొంతకి పనికొస్తుంది” అని అమ్మ మడత పెట్టేసింది.

బొంత సంగతికి ముందు భోగి పిడకల సంగతి చెప్పాలి. పోలి స్వర్గానికి అరటి డొప్పల దీపాలనీ, నేతిలో ముంచి ఆరబెట్టిన ఒత్తులనీ ఎవరో అమ్మజూపారు గానీ, అప్పటికే సంక్రాంతి దగ్గరపడుతోందని నేను డబ్బు దాచుకున్నాను. సంక్రాంతికి భోగి పిడకలు కొనాలిగా. ఊళ్లో ధనుర్మాసం నెలంతా ముగ్గుల్లో పెట్టిన గొబ్బెమ్మల్నే పిడకలు చేసి, మధ్యలో చిల్లు పెట్టి దండ గుచ్చేవాళ్లు. మేం కొన్నది పన్నెండు పిడకల ప్యాకెట్టు, రూ. 240. స్వచ్ఛమైన దేశీ ఆవుది అని, గరిష్ఠ ధర అని, ఎక్స్‌పైరీ తేదీ అని వరసగా రాసుంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. “పేడకి ఎక్స్‌పైరీ ఏంట్రా? ఆ తేదీ దాటితే ఏమవుతుంది, పేడ అవుతుందా?” సమాధానం నా దగ్గర లేదు. ప్యాకెట్టు మీద కస్టమర్ కేర్ నంబరుంది, అడగమన్నాను.

చలి ముదిరాక మా ఆవిడ ‘చేతికుట్టు క్విల్ట్’ క్లాసులో చేరింది. ఆరు ఆదివారాలు, రూ. 2,200. పాతచీరలతో కుట్టాలి. పాతచీరలు అమ్మ ఇవ్వదు, అందులో ఆరు వడియాలవి, రెండు ఊరగాయ ముక్కలు ఆరబెట్టేవి. అందుకని పాతగా కనిపించేలా రంగు వెలిసిన కొత్త గుడ్డ ఎక్కడో దొరికితే కొన్నాం, రూ. 1,800. ఆరో ఆదివారం బొంత పూర్తయింది. మా అమ్మ దాన్ని వెలుగులోకి పట్టి చూసింది. “ఏవమ్మాయ్, కుట్టు ఇంత ఎడమా? పిల్ల కాలివేలు ఇరుక్కుంటే రాత్రంతా నువ్వే తియ్యాలి” అంది.

“డిజైన్ అండీ అత్తయ్యగారూ. అలా గరుగ్గా ఉంటేనే అందం, టీచరు చెప్పారు.”

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. “అమ్మా, నీ బొంతల అందం వేరే! ఆ రోజుల్లో పొదుపులోనే ఎంత కళ ఉండేది!” అన్నాను. నిజానికి ఆ వారం నేను రాయాల్సిన కాలమ్ అదే. మొదటి పేరా రాసి పెట్టుకున్నాను కూడా.

అమ్మ నావైపు చూసిన చూపు నేను పదో తరగతి లెక్కల మార్కులప్పుడు చూశాను. “ఒరేయ్, కళ ఏంట్రా? నలుగురు పిల్లలు, రెండు దుప్పట్లు. మీ నాన్న జీతం ఒకటో తారీఖున వచ్చి పదో తారీఖుకి వెళ్లిపోయేది. రాత్రి గిన్నెలు తోమాక కిరసనాయిలు దీపం ముందు కూర్చుని కుట్టేదాన్ని. సరదాకి కాదు, మీరు వణుకుతుంటే చూడలేక. ఎవరైనా నాలుగు రగ్గులు దానం చేసుంటే బొంతలన్నీ భోగిమంటలో వేసి హాయిగా పడుకునేదాన్ని. మాకు లేక చేశాం. ఉండి మీకేం వచ్చింది?”

నా పేరా చించేశాను. కాగితం వెనకవైపు ఖాళీగా ఉందని అమ్మ ఆ ముక్కలు ఏరి పాల లెక్కకి పెట్టుకుంది.

వేసవిలో ఇంకో పద్దు మిగిలింది. తాటాకు బొమ్మల శిబిరం, మూడు రోజులు, రూ. 1,500. తాటాకుతో పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ చెయ్యడం మా అమ్మకి కళ్లు మూసుకున్నా వచ్చు, ముంజకాయ డొక్కులతో రెండు చక్రాల బండి చెయ్యడం నాకే వచ్చు. ఆ మాటంటే మా ఆవిడ, “మీరు సర్టిఫికెట్ ఇవ్వరుగా” అంది. న్యాయమే. ముంజలమ్మే ఆమె దగ్గరకెళ్లి ఖాళీ డొక్కులు రెండివ్వమని అడిగాను. రోజూ బండెడు పారబోసేది, నా చొక్కా ఇస్త్రీ చూసి, “ఎందుకు సార్, ప్రాజెక్టుకా?” అని, కాసేపు ఆలోచించి, “పదిస్తే చాల్లెండి” అంది. ఆమె చెత్తకి ఆమె ధర కట్టుకుంది, తప్పేముంది? కాకపోతే మా అమ్మ పక్కనే ఉంది. పది రూపాయలకి ముంజలే కొనిపించి, డొక్కులు కొసరు అడిగింది. అందుకే ఆ పది డైరీలో తిండి పద్దులోకి వెళ్లింది.

మొన్న మే నెలాఖరున కూర్చుని మొత్తం కూడాను. పొదుపు కింద ఖర్చు రూ. 7,924. జమ గడిలో చాకలి లెక్క ఉంది.

జూన్ వచ్చింది. కొత్త క్లాసు, కొత్త టీచరు, రాత్రి ఎనిమిదిన్నరకి అదే మెసేజ్. ఈసారి నేను బెదరలేదు. నిరుటి బహుమతి స్టాండు అటక మీద ఉంది, దాన్నే దులిపి పంపిద్దామన్నాను. స్టూలు ఎక్కి చూస్తే అటక మీద లేదు. అమ్మని అడిగాను.

“అదా? వేడినీళ్లలో నానబెడితే జిగురు వదిలింది. రెండు సీసాలు కడిగి ఆవాలు, మెంతులు పోశాను. మూడోదానికి చిల్లులు పొడిచి కరివేపాకు మొక్కకి నీళ్లు. సీడీ బాల్కనీలో కట్టాను, పావురాలు రావట్లేదు చూశావా? ఊలు పెట్టి పిల్ల జడకి రిబ్బను. పుల్లలతో నువ్వు రోజూ నాలుక గీక్కుంటున్నావు కదరా.”

చెప్పులేసుకుని వీధి చివరికి వెళ్లాను. నిరుటి తండ్రులే, వరసలో అదే చోట. షాపతను నన్ను దూరం నుంచే గుర్తుపట్టాడు.

“రండి సార్. ఇప్పుడే కొత్త స్టాకొచ్చింది.”