రుద్దుడు సూత్రమునకు టీకా తాత్పర్యములు

మూలము: "కొంచెం రుద్దుతది సార్. నాలుగు రోజులల్ల సెట్ అయితది."

అవతారిక: స్కార్పియోకు కంపెనీ ఇచ్చిన 235/65 ఆర్17 టైర్లను విప్పించి 265/70 ఆర్17 ఎక్కించుకున్న శిష్యుడొకడు, స్టీరింగు చివరిదాకా తిప్పగానే బర్రుమను శబ్దము విని మరలివచ్చి ప్రశ్నింపగా, టైర్ల దుకాణపు ఆచార్యుడు ఉపదేశించిన సూత్రమిది. కొండలు, వాగులు దాటుటకై పుట్టిన ఆ టైర్లు ఇంతవరకు దాటినది సెల్లారు ర్యాంపు ఒక్కటే.

ప్రతిపదార్థము: కొంచెం, రుద్దుతది, నాలుగు రోజులల్ల, ఇవి సులభములు. సార్ అనగా బిల్లు కట్టినవాడు. "సెట్ అయితది" అనుచోట గూఢార్థము కలదు గనుక పిమ్మట చెప్పబడును.

విశేషము: మన మెతుకుసీమ వాడైన కోలాచల మల్లినాథసూరి, ఆధారం లేనిది గానీ అక్కరలేనిది గానీ రాయనని ప్రతిన పట్టి కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. టైరు గోడ మీద అచ్చుపోసిన అంకెలు ఆయన కంట పడలేదు గనుక ప్రతిన నిలిచింది. మనకు ఆ భాగ్యం లేదు. 235/65 ఆర్17 అను పాదమును గణవిభజన చేయుదము. మొదటి గణం టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. చివరి గణం రిమ్ము, అంగుళాలలో. నడిమిది అటు మిల్లీమీటరూ కాదు, ఇటు అంగుళమూ కాదు. టైరు గోడ ఎత్తు వెడల్పులో నూటికి ఎన్ని పాళ్లో చెప్పే అంకె. ఒక్క పాదంలో మూడు కొలమానాలు! ఏ లాక్షణికుడూ క్షమించడు. శిష్యుడు తప్పిన యతి కూడా ఇక్కడే ఉంది. వెడల్పు పెంచితే గోడ ఎత్తు దానంతట అదే పెరుగుతుంది. అతడు నడిమి అంకెను కూడా పెంచాడు. పాత టైరు నిలువునా 737 మిల్లీమీటర్లు, కొత్తది 803. ఇరుసు నుంచి పైకి 33 మిల్లీమీటర్లు అదనం. స్పీడోమీటరు 80 చూపేటప్పుడు బండి 87లో పోతూ ఉంటుంది. దాన్ని ఆచార్యుడు సూత్రంలో చేర్చలేదు.

ఈ రుద్దుడు ఎందుకో తెలియాలంటే ఎడ్లబండిని చూడాలి. ఆకులు, పూటీలు, ఇరుసు, కడశీల, అంతే సరంజామా. మనిషి భుజమెత్తు చక్రం వేసినా రుద్దుకోదు. ఎందుకంటే ఆ చక్రం విడిగా పక్కకు తిరగదు, ఎడ్లు మళ్లితే బండి మొత్తం మళ్లుతుంది. మోటారు బండి ముందుచక్రానికి అలా కుదరదు. అది దొర్లాలి, పక్కకు తిరగాలి, గుంతలో పడితే పైకి లేవాలి, ఇవన్నీ ఒక్క గూటిలోనే. స్ప్రింగు పూర్తిగా నొక్కుకుని, స్టీరింగు చివరంటా తిరిగినా మిగలవలసిన ఖాళీని లెక్కగట్టే ఆ గూడు చేస్తారు. శిష్యుడు నింపేసింది ఆ ఖాళీనే.

మతాంతరములు: స్పేసరు పెట్టి చక్రాన్ని బయటికి జరపమని కొందరు. లోపలి కంట్రోల్ ఆర్మ్‌కు తగలడం మానుతుంది, నిజమే. కానీ బయటికి జరిగిన చక్రం తిరిగేటప్పుడు మరింత వెడల్పుగా తిరిగి బంపరు మూలను గీకుతుంది, హబ్ బేరింగు మీద భారం పెరుగుతుంది. లిఫ్ట్ కిట్ మతస్థులు బండినే ఎత్తమంటారు. స్పీడు బ్రేకరు మీద రాపిడి తగ్గుతుంది, మలుపులో లోపల ఆర్మ్‌కు తగిలేది మాత్రం తగులుతూనే ఉంటుంది. స్టీరింగు స్టాపరు బిగిస్తే రుద్దదు, ఒక్కసారిలో యూటర్న్ కూడా కాదు. గూటి లోపలి ప్లాస్టిక్ లైనరును హీట్‌గన్‌తో వేడిచేసి వెనక్కి నొక్కడం కొద్దిపాటి రాపిడికి పనికొస్తుంది. ఇక ధర్మశాస్త్రము: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్దేశానికి భిన్నంగా బండిని మార్చరాదంటుంది. అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ.

శాస్త్రం కాసేపు పక్కన పెడదాం. వానాకాలం ఆ టైరు ఫెండరు దాటి బయటికి పొడుచుకొచ్చి, రోడ్డు మీది బురదంతా తీసి పక్కన స్కూటీ మీద పోయేవాడి మొహాన కొడుతుంది. హెల్మెట్ అద్దం మీద పడితే రెండు క్షణాలు దారి కనబడదు. ఎండాకాలమైతే కంకర. లోపల అద్దాలు బిగించి, ఏసీ వేసుకుని పాటలు వింటున్న మహానుభావుడికి ఇదేమీ తెలియదు. తెలిసినా ఆపడు.

తాత్పర్యము: నాలుగు రోజుల్లో టైరు లైనరును అరగదీస్తుంది. క్లిప్పులు ఊడి అది వేలాడుతుంది, టైరు భుజం చెక్కుకుపోతుంది. రుద్దుకోవడానికి ఏమీ మిగలనప్పుడు శబ్దం ఆగుతుంది. దానినే ఆచార్యులవారు సెట్ అవడం అన్నారు.

సిద్ధాంతము: ఆ టైర్లు అమ్మేసి పాత సైజు వేయించు నాయనా. మరీ మనసొప్పకపోతే 245/65 ఆర్17 అడుగు, ఎత్తు 13 మిల్లీమీటర్లే పెరుగుతుంది. అందాకా వాన పడిన రోజు టూవీలర్ల పక్కన కాస్త నెమ్మదిగా పోనీ.