మిషన్ పక్కకు పెట్టమన్నాను

డాక్యుమెంటరీలు తీయాలన్న పిచ్చి నాకు పట్టింది రాబర్ట్ ఫ్లాహర్టీ వల్ల. ఆయన తీసిన, 1922లో వచ్చిన ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ చూసి, మంచులో బల్లేలు పట్టుకుని వాల్‌రస్‌ను వేటాడే ఆ మనుషుల మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయాను. వాళ్లు అప్పటికే తుపాకులు వాడుతున్నారనీ, పాత పద్ధతి కోసం దర్శకుడే బల్లేలు పట్టించాడనీ తర్వాత చదివాను. వాల్‌రస్ వాళ్లను నీళ్లలోకి లాగేస్తుంటే తుపాకీ కాల్చమని కేకలు వేశారు. అర్థం కానట్టు ఉండిపోయి కెమెరా తిప్పుతూనే ఉన్నానని ఫ్లాహర్టీయే రాసుకున్నాడు. అది చదివీ నాకు కోపం రాలేదు. అంత మొండితనం ఉంటేనే కళ పుడుతుందనుకున్నాను. నా తెలివితక్కువతనం అక్కడే మొదలైంది.

అదే మొండితనంతో ఉమ్మడి నల్లగొండ జిల్లాకు చేనేత మీద చిత్రం తీయడానికి వెళ్లాను. అక్కడి చీరలకు దారాన్ని చిటికి కట్టి, అంటే అక్కడక్కడా బిగించి కట్టి, రంగులు అద్దడానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ దారాన్ని ఒక్కొక్క పోగుగా తిప్పడం ఆ పని. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలంటారు. ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే చేస్తారు. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆసు మిషన్ తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఇదంతా నాకు తెలుసు. షూటింగుకు ముందే నా ఫైలులో రాసిపెట్టుకున్నాను.

మేం వెళ్లిన ఇంట్లోనూ మిషన్ ఉంది. దాని చప్పుడు మాటలకు అడ్డం, దాని ఇనుము నా కంటికి అడ్డం. మూలకు జరిపించి గోనెపట్టా కప్పించాను. అటక మీది పాత ఆసు దింపించి, వెనకటిలా చేత్తో ఒకసారి పొయ్యమని ఆ ఇంటి పెద్దమ్మను అడిగాను.

“మిషిన్ ఉండంగ చేతితోని ఎందుకు బిడ్డా?” అంది. అంటూనే కూర్చుంది, ఇంటికి వచ్చినవాళ్ల మాట కాదనలేక.

కిటికీ వెలుగు దారం మీద పడుతోంది. చెయ్యి పోతోంది, వస్తోంది. కొంతసేపటికి ఆగి ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుంది. నేను కట్ చెప్పలేదు. ఆమె భుజం పట్టుకున్న తీరు ఫ్రేములో ఎంత బాగా కుదిరిందా అని చూసుకుంటున్నాను. పైగా ఫోకస్ తప్పిందని మళ్లీ పోయించాను.

ఆనంద్ పట్వర్ధన్ తీసిన డాక్యుమెంటరీ ‘బాంబే అవర్ సిటీ’లో గూడు లేని ఒక స్త్రీ కెమెరా పట్టినవాళ్లనే నిలదీస్తుంది: మా బొమ్మలు తీసుకుని మీరు పేరు తెచ్చుకుంటారు, మాకేం ఒరుగుతుంది అని. ఆయన ఆ దృశ్యం తీసేయలేదు, చిత్రంలోనే ఉంచాడు. నా దగ్గర సినిమా నేర్చుకునే పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఆ ఘట్టం తప్పకుండా చూపించేవాణ్ని. ఎడిటింగ్‌లో పెద్దమ్మ ప్రశ్న వినబడితే మాత్రం క్షణం ఆలోచించకుండా కోసేశాను.

ఫ్లాహర్టీ చేసిన మంచి పని ఒకటుంది. తీసిన ఫిలిం అక్కడే కడిగి, అందులో ఉన్నవాళ్లకే వేసి చూపించాడు. నేను చిత్రం పూర్తయ్యాక గానీ ఆ ఇంటికి మళ్లీ పోలేదు. లాప్‌టాప్‌లో మొత్తం చూసి పెద్దమ్మ ఏమీ అనలేదు. కోడలు అడిగింది: “మా మిషిన్ ఏది సార్? ఏండ్లు కూడబెట్టి కొన్నం గదా.”

జవాబు చెప్పలేకపోయాను. వాళ్లు కష్టపడి వదిలించుకున్న నొప్పిని అందం కోసం తిరిగి వాళ్ల నెత్తిన పెట్టినవాణ్ని నేను. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ఒక్క వస్తువూ జరిపించను. చప్పుడుంటే చప్పుడుతోనే తీస్తాను. ఫ్రేము చెడితే చెడనీ.

ఆ చిత్రాన్ని మళ్లీ ఎడిట్ చేశాను. పెద్దమ్మ ప్రశ్న ఇప్పుడు మొదట్లోనే వినబడుతుంది. ఇంట్లో ఉన్న మిషన్‌ను దర్శకుడే దాచిపెట్టించాడని తెర కింద అక్షరాల్లో ఉంటుంది. ఎక్కడైనా ఈ చిత్రం వేసేవాళ్లు నిడివి కోసం ఆ భాగం మాత్రం తీసేయవద్దని నా మనవి.