ఒక బయటి లింకు ఆత్మకథ

నేను పుట్టింది తెలుగు వికీపీడియాలో, కడప జిల్లా రాజుపాలెం పేజీ అడుగున. వికీలోపలే తిరిగే లింకులకు అటు రెండు, ఇటు రెండు చదరపు బ్రాకెట్లు కడతారు. బయటికి పోయే నాబోటోళ్లకు ఒక్కొక్కటే. పైగా పక్కన చిన్న బాణం గుర్తు, వీడు మనవాడు కాడని తెలిసేలా.

నన్ను పంపింది ప్రొద్దుటూరులో ఓ నగల కొట్టు. పసిడిపురి అని పేరుపడ్డ ఊళ్లో కొట్లకు కొదవా? వెబ్‌సైటు పెట్టినా చూసే దిక్కులేదు. “వికీపీడియాలో లింకు పెడదామన్నా. ప్రొద్దుటూరు పేజీలో అయితే పట్టుకుంటారు, రాజుపాలెం పేజీ ఎవురూ చూడరు” అన్నాడు కంప్యూటరు పిల్లోడు.

“ఎవురూ చూడని చోట పెడితే మనకు బేరం యాడ నుంచి వస్తాదిరా?”

“జనం కోసం కాదన్నా, గూగుల్ కోసం.”

వాడి లెక్క పాతబడిపోయింది. పేరున్న చోట్ల నుంచి ఎన్ని లింకులు వస్తే గూగుల్ దగ్గర సైటుకు అంత పరపతి. ఆ ఆశతోనే లోకమంతా కనబడిన పేజీలోనల్లా లింకులు గుమ్మరించింది. దానికి విరుగుడుగా 2005లో గూగుల్, యాహూ, ఎమ్మెస్సెన్ కలిసి ‘నోఫాలో’ అనే గుర్తును ఒప్పుకున్నాయి: ఈ లింకుకు మేం పూచీ కాదు, లెక్కలోకి తీసుకోవద్దు అని. 2007 జనవరిలో ఇంగ్లీషు వికీపీడియా తన బయటి లింకులన్నిటికీ అది తగిలించింది. నాకూ పుట్టుకతోనే నుదుట రాసి ఉంది. 2019లో గూగుల్ కాస్త మెత్తబడి, ఆ గుర్తును ఆజ్ఞగా కాక సూచనగా చూస్తానంది. ఆ మెత్తదనం నాదాకా రాలేదు.

పోనీ జనమైనా నొక్కుతారా? ఇంగ్లీషు వికీపీడియా మీద పరిశోధకులు లెక్క తీస్తే, పేజీని దాదాపు 300 సార్లు తెరిస్తే ఒక్కసారి మూలాల్లోని లింకును నొక్కుతున్నారని తేలింది. సమాచారపెట్టెలో ఉండే అధికారిక లింకులది మెరుగు, నూటికి రెండున్నర. జనాభా లెక్క కోసమో పిన్‌కోడ్ కోసమో వచ్చిపోయే రాజుపాలెం పేజీలో, అట్టడుగున ఉన్న నా గతి చెప్పాలా!

అదీ ఎంతోకాలం సాగలేదు. ‘ఇటీవలి మార్పులు’ చూస్తూ కూర్చునే వికీపీడియన్లు ఉంటారు. జీతం లేదు, నిద్రా తక్కువే. ‘ప్రచార లింకు’ అని ఒక్క ముక్క రాసి పీకేశారు. పిల్లోడు మళ్లీ పెట్టాడు, మళ్లీ పీకారు. ఈసారి వాడి చర్చాపేజీలో ‘గారూ’ అంటూనే, సొంత సైటు లింకు సొంతంగా పెట్టుకోకూడదని చెప్పారు. ఇంకా మొండికేస్తే నిషేధ జాబితా ఉంది. అందులో పడ్డ సైటు లింకుతో పేజీని భద్రపరచడమే కుదరదు.

ఇప్పుడు నేను పేజీ ‘చరితం’లో ఉంటున్నాను. పాత కూర్పులన్నీ అక్కడే పడి ఉంటాయి, గూగుల్ అటు రాదు. కాలక్షేపానికి ఆలోచిస్తుంటాను: నేను తీసుకుపోయే చోట ఏముందని? నాలుగు హారాల బొమ్మలు, ఒక ఫోన్ నంబరు. ప్రొద్దుటూరు అమ్మవారిశాల దసరా గురించో, ఊరికి బంగారు వ్యాపారం ఎట్లా వచ్చిందో నాలుగు పేజీలు పెట్టి ఉంటే, ముక్కూముఖం తెలియని ఎవరో రాసేవారే వెతుక్కుంటూ వచ్చి నన్ను మూలాల్లో కూర్చోబెట్టేవారు.

పిల్లోడు మాత్రం ఊరుకోలేదు. ‘రాజుపాలెం (అయోమయ నివృత్తి)’ అని ఒక పేజీ దొరికింది, ఆ పేరున్న ఊళ్లన్నీ వరసగా. పల్నాడు జిల్లా రాజుపాలెంలో నా తమ్ముణ్ణి పెట్టేసి కొట్లో గొప్పగా చెప్పాడట.

“ఆ రాజుపాలెం యాడుండాదో తెల్సునా నీకు? వాళ్లు గుంటూరు వదిలిపెట్టి మనకాడికి కమ్మలకొస్తారా?” అన్నాడట షావుకారు.