ముగ్గుపిండి వ్యాను

మా ఇంట్లో పడుకునేవాళ్ళం ఎనిమిది మందిమి. నిద్రపోయేవాళ్ళం మాత్రం ఏడుగురం. ఎనిమిదో మనిషి మా నాన్న. ఆయన రాత్రంతా కళ్ళు మూసుకుని, ఎవరు ఏ వేళకి గురక మొదలుపెట్టారో లెక్క చూస్తూ ఉంటారు. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ లెక్క అప్పజెబుతారు.

ఇంతమందికీ పడక సరిపోయే పాత వ్యాను ఒకటి కొందామని నాకు బుద్ధి పుట్టించింది గోదావరి పుష్కరాలు. 2015లో రాజమండ్రిలో చుట్టాలింటికి వెళ్తే, మాకంటే ముందొచ్చిన చుట్టాలతో గదులూ హాలూ డాబా నిండిపోయి, మాకు మేడమెట్లు మిగిలాయి. పెద్దరికం ప్రకారం మెట్టుకొకరం పడుకున్నాం. నాన్నది పైమెట్టు, నాది అయిదోది. తెల్లారేసరికి అందరం కిందిమెట్టు మీదే ఉన్నాం. 2027లో మళ్ళీ పుష్కరాలు. ఈసారి మన పడక మనతోనే రావాలని తీర్మానించాను. దారి కూడా కలిసొచ్చింది. పాత హైవే మా గుండుగొలను దాటి తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం చూసుకుంటూ తీరిగ్గా రాజమండ్రి వెళ్తుంది. కొత్తది మా ఊరి దగ్గరే విడిపోయి, దేవరపల్లి మీదుగా కొవ్వూరు వైపు తీసుకుపోతుంది. సుమారు 70 కిలోమీటర్లు. గోష్పాద రేవులో మునిగి, వ్యాన్లో పడుకుని, మర్నాడు మళ్ళీ మునగొచ్చు.

ఈ మాట డాలస్‌లో ఉన్న మా తోడల్లుడి చెవిన పడింది. అతను వెంటనే వీడియో కాల్‌లోకి వచ్చి ఫోక్స్‌వాగన్ పురాణం విప్పాడు. 1947లో బెన్ పాన్ అనే డచ్చి వ్యాపారి చిన్న పుస్తకంలో గీసిన డబ్బాలాంటి బొమ్మ 1950లో జర్మనీలో నిజం బండి అయిందట. మరుసటి ఏడాదికల్లా వెస్ట్‌ఫాలియా కంపెనీ వాళ్ళు అందులో పడకలు బిగించడం మొదలుపెట్టారట. వెనక సీటు లాగితే మంచం, ముందు సీట్ల మీదుగా పిల్లలకి గుడ్డ ఉయ్యాల. బ్రెజిల్‌లో అయితే 2013 దాకా ఆ బండి తయారవుతూనే ఉందట. "నలుగురు హాయిగా పడుకోవచ్చు అన్నయ్యగారూ" అన్నాడు. తక్కిన నలుగురి సంగతి అడిగాను. అతనికి లైను కట్టయింది.

మా నాన్నకి జర్మనీ నచ్చలేదు. "మనకి తెలియని వ్యాను ఏముందిరా? 1982లో రామారావుగారు పాత షెవ్రొలే బండికి చైతన్యరథం అని పేరెట్టి ఊరూరా తిరిగారు. కొడుకు హరికృష్ణ తోలాడు. ఆయన దాని మీదెక్కి మాట్లాడేవారు, పక్కన దిగి రోడ్డు మీదే స్నానం చేసేవారు. జనవరికల్లా ముఖ్యమంత్రి అయిపోయారు" అన్నారు. నేను ఉత్సాహంగా తలూపుతుంటే ఆయనే మళ్ళీ, "అందులో అత్తగారితో సహా ఎనిమిది మంది పడుకున్నారని ఎక్కడైనా విన్నావా?" అన్నారు. వినలేదు.

అయినా వేట మొదలెట్టాను. మొదట ఏలూరులో చూసింది ఒకప్పటి అంబులెన్సు. పడకకి పుట్టిన బండి, తెర కూడా ఉంది. మా ఆవిడ తలుపు తీసి లోపలికి చూసి, "ఏమండీ, ఇందులో ఎక్కినవాళ్ళలో ఎంతమంది లేచి కూర్చున్నారో కనుక్కోండి" అంది. ఆ ప్రశ్నకి బ్రోకరు దగ్గర రికార్డు లేదు. రెండోది చేపపిల్లల్ని చెరువులకి మోసిన వ్యాను. పదిసార్లు కడిగించామన్నారు. చూసి ఇంటికొచ్చాక మా వీధి పిల్లి మూడు రోజులు నా చొక్కాని వదల్లేదు.

మూడోది తాడేపల్లిగూడెంలో ఒక షెడ్డులో దొరికింది. బ్యాండు మేళం వాళ్ళు వాడి వదిలేసిన మేటడోరు. చూడగానే నా మనసు దాని మీద పడింది, దాని అద్దం నా చేతిలో పడింది. నేటి కుర్రాళ్ళకి తెలీదు గానీ మేటడోరు సామాన్యమైన బండి కాదు. జర్మనీలో పుట్టి, బజాజ్ టెంపో వాళ్ళ చేతిలో మన దేశపు పెళ్ళిళ్ళన్నీ చూసింది. అది ముందు చక్రాలతో లాగే బండి. వెనక చక్రాలకి పోయే షాఫ్టు అడ్డం ఉండదు కాబట్టి నేల కిందికీ, చదునుగానూ ఉంటుంది. పరుపు వెయ్యడానికి ఇంతకంటే ఏం కావాలి? రబ్బరు మ్యాటు ఎత్తి చూశాను. నేల చదునుగానే ఉంది. అక్కడక్కడ నేల లేదు, రోడ్డు ఉంది.

"గాలాడుతుందండి. ఆయ్, పదిహేను మంది పడతారండి ఇందులో" అన్నాడు బ్రోకరు.

నా వ్యాసం మొత్తానికి కీలకం ఈ 'పడతారు' అన్న మాట. బళ్ళ వ్యాపారంలో అందరూ పడతారు. పట్టడం వేరు, పడుకోవడం వేరు. బ్యాండువాళ్ళు డ్రమ్ములు ఒళ్ళో పెట్టుకుని పదిహేను మంది పట్టారు, నిజమే. వాళ్ళలో ఒక్కడు నడుం వాల్చాలన్నా పద్నాలుగు మంది దిగాలి. టేపు పెట్టి కొలిచాను. డ్రైవరు సీటు వెనక ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. మనిషికి రెండడుగులు వేసుకున్నా నిలువుగా ఇద్దరున్నర. ఆ అర మనిషిని ఎక్కడ వెతకను?

ఇంటికొచ్చి అమ్మకి లెక్క చెబితే, ఆవిడ మాట్లాడకుండా ముగ్గుపిండి డబ్బా తెచ్చింది. వాకిలి కడిగి, టేపు పట్టుకోమని, వ్యాను నేలని ఉన్నదున్నట్టు గీసింది. చక్రాల దగ్గర అలవాటు కొద్దీ తామరపువ్వులు వేసింది. "ఇప్పుడు పడుకోండర్రా" అంది.

నిలువుగా పడుకుంటే ఇద్దరమే. అడ్డంగా పడుకుంటే నలుగురు పడతారు గానీ, అయిదడుగుల లోపు మనుషులు మా ఇంట్లో అమ్మా, చిన్నపిల్లా మాత్రమే. మిగతావాళ్ళ కాళ్ళు ముగ్గు దాటి తులసికోట దాకా వెళ్ళాయి. కాళ్ళు ముడుచుకుంటే సరిపోతుందని నేనన్నాను. అప్పుడు మొదలైంది అసలు చిక్కు. మామగారి వైపు కోడలి కాళ్ళు ఉండకూడదు. వియ్యపురాళ్ళు ఒకరి కాళ్ళ దగ్గర ఒకరు తల పెట్టకూడదు. అల్లుడి పక్కన అత్తగారు ఎలాగూ కుదరదు, మధ్యలో పెట్టడానికి పిల్లలు రెండు జాగాల్లో ఒకేసారి ఉండలేరు. అన్నిటికీ మించి, ఉత్తరానికి తల పెట్టకూడదు. "బండి ఏ వైపు ఆపుతావురా?" అన్నారు నాన్న. తాడేపల్లిగూడెం వైపు ముఖం పెట్టి ఆపితే ముందు వైపు తూర్పు, తలలు అటు. తిరుగు ప్రయాణంలో ముఖం ఏలూరు వైపు, అంటే తలలు వెనక్కి. కొల్లేరు చూద్దామని ఆకివీడు రోడ్డెక్కితే ప్రతి మలుపుకీ దిండ్లు మార్చుకోవాలి. ప్రపంచంలో ఏ కంపెనీ వాడూ పంచాంగం చూసి మంచం బిగించడు.

ఈలోగా దోమలు వచ్చాయి. మావి చేపల చెరువుల నీళ్ళలో పెరిగిన దోమలు, పుష్టిగా ఉంటాయి. ముగ్గు గీత వాటికి అడ్డం కాలేదు. ఎనిమిది మందికి దోమతెర కడితే గాలాడదు, కట్టకపోతే మనం ఆడతాం.

మా బావమరిది టాపు మీద క్యారియర్లో పడుకుంటానన్నాడు. "వర్షం వస్తే, బావగారూ?" అని మళ్ళీ అతనే అడిగాడు. నాన్న కుర్చీలో వెనక్కి వాలి తమ రోజుల గూడుబండి సంగతి ఎత్తుకున్నారు. ద్వారకా తిరుమలకి వెళ్ళేప్పుడు ఎండుగడ్డి మీద దుప్పటి పరిచి ఆడవాళ్ళూ పిల్లలూ లోపల, మగవాళ్ళు పక్కన చాప మీద, తోలేవాడు బండి కింద. "బండి అంటే లోపలిది ఒక్కటే కాదురా, కింద కూడా పడకే. ఆ లెక్కలో నీ మేటడోరుకి పదిమంది" అన్నారు. ఆ రోజుల్లో ఎద్దులు రాత్రి గడ్డి తింటూ నిలబడేవి తప్ప నూట ఇరవై వేగంతో పక్కనుంచి పోయేవి కావని ఆయనకి నేను చెప్పలేకపోయాను.

చివరి ఆశ చట్టం. బండి పాతదైతే ప్రభుత్వం ప్రత్యేకంగా చూస్తుందని విని, తెలిసిన ఒక మెకానిక్‌ని అడిగాను. చూస్తుంది. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, మార్పులేవీ లేని సొంత బండికి వింటేజి గుర్తింపు ఇస్తారు. నంబరులో 'వీఏ' అని వస్తుంది. కొత్తగా రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు. కానీ దాన్ని ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలు కొట్టించుకోవడానికీ, రిపేరుకీ తప్ప రోజువారీ తిప్పకూడదు. పుష్కరాలు ఆ జాబితాలో లేవు. వింటేజి వద్దు, మామూలు పాత బండే అనుకుని లోపల మంచాలు బిగిస్తే, ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చినట్టు. అప్పుడు బ్రేకు ఇనస్పెక్టరు పిలుస్తాడు. అంటే మంచం లేకపోతే ప్రదర్శన, మంచం ఉంటే జరిమానా.

మర్నాడు పొద్దున్న షెడ్డుకి ఫోను చేసి వద్దని చెప్పాను. ఆ మేటడోరుని చేపపిల్లల వ్యాపారి ఒకాయన కొనుక్కెళ్ళాడని తర్వాత తెలిసింది. అందులో ఇప్పుడు వేలమంది హాయిగా సర్దుకుంటున్నారు, ఎవరి తల ఎటుందో అడిగేవాళ్ళు లేరు.

పాత వ్యాను కొనే ఉద్దేశం మీలో ఎవరికైనా ఉంటే ఎంతమంది పడతారని అడక్కండి, గుండుగొలను రండి. మా అమ్మ ఆ ముగ్గుని చెరపనివ్వడం లేదు, రోజూ దాని మీదే దిద్దుతోంది. ఇంటిల్లిపాదీ పడుకుని చూసుకోండి. దిండ్లూ దోమతెరా మాత్రం మీవే తెచ్చుకోవాలి.