పన్నెండెకరాల పోలో

మన దేశానికి జాతీయ క్రీడ లేదు. హాకీ అని బళ్లో బట్టీ పట్టినవాళ్లు కంగారు పడకండి. 2012లో ఓ బడిపిల్ల సమాచార హక్కు చట్టం కింద అడిగితే, ఏ ఆటకీ ఆ హోదా ఇవ్వలేదని కేంద్రమే ఒప్పుకుంది. అంటే సీటు ఖాళీగానే ఉంది. ఖాళీ సీటు కనిపిస్తే కర్చీఫ్ వెయ్యకుండా ఊరుకునే జాతి కాదు మనది. అందుకని పోలో తరఫున ఏలూరు నుంచి నేనో కర్చీఫ్ వేస్తున్నాను.

అర్హతలకేం తక్కువ లేదు. మణిపూర్ ఆట. భారత పోలో సంఘం 1892లో పుట్టింది, క్రికెట్ బోర్డు కంటే 36 ఏళ్లు పెద్ద. 1957లో ఫ్రాన్స్‌లో మనవాళ్లు ప్రపంచ కప్పు కూడా ఎత్తుకొచ్చారు. తెలుగునేలకీ ఇందులో వాటా ఉంది. నిజాం గారి గోల్కొండ జట్టంటే ఒకప్పుడు హడలు. అలాంటి జట్టుని 1896లో చర్చిల్ అనే 21 ఏళ్ల కుర్రదొర రెజిమెంటు హైదరాబాదుకొచ్చి మరీ ఓడించింది. ఓడ దిగి రెండు నెలలైనా కాలేదు, ఎలా గెలిచారంటారా? పూనా దళం దగ్గరున్న పాతిక గుర్రాల్నీ గుత్తగా కొనేశారు. డబ్బు పోసి జట్లు కట్టడం ఐపీఎల్ కనిపెట్టిందనుకునేవాళ్లు ఈ ముక్క రాసిపెట్టుకోండి.

నిబంధనలైతే మన పరిపాలన కోసమే రాసినట్టుంటాయి. గోల్ పడిన ప్రతిసారీ జట్లు వైపులు మార్చుకోవాలి. మన నాయకులకి దీనికి వేరే శిక్షణ అక్కర్లేదు. ఎడమచేత్తో కర్ర పట్టుకోకూడదు, అంతా కుడిచేతి మీదే నడవాలి. ఇది ఆఫీసుల్లో పెడితే సగం ఫైళ్లు ఆగిపోతాయి. అన్నిటికంటే నాకు నచ్చింది హ్యాండీక్యాప్. ప్రతి ఆటగాడికీ మైనస్ రెండు నుంచి పది దాకా ఓ అంకె ఇస్తారు. వాడి సత్తా ఎంతో అందరికీ ముందే తెలుస్తుంది. ఈ పద్ధతి క్రీడా సంఘాల అధ్యక్షులకీ పెడితే బావుణ్ణు. కాకపోతే మైనస్ రెండు దగ్గర ఆగమంటే మనవాళ్లలో చాలామందికి అన్యాయం జరుగుతుంది.

2025లో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం ప్రకారం ఒక్కో సంఘం కార్యవర్గంలో 15 మంది దాకా ఉండొచ్చు. పోలో జట్టుకి నలుగురు. ఆడేది నలుగురు, ఆడించేది పదిహేను మంది! ఇంతకంటే ఉపాధి చూపించే ఆట నాకైతే కనపళ్లేదు. గుర్రానికి మాత్రం ఓటు లేదు. ఆ చట్టం రాసినవాళ్ల ముందుచూపుకి దండం పెట్టాలి.

ఇక మైదానం. 300 గజాల పొడవు, 200 గజాల వెడల్పు దాకా ఉండొచ్చు, అంటే పన్నెండెకరాల పైమాటే. మొదట తాడేపల్లిగూడెం గుర్తొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నాడు దొరలు అక్కడ విమానాల కోసం రన్‌వే వేశారు. విమానాలు పోయాయి. ఆ చుట్టుపక్కల నిట్ వచ్చింది, ఇళ్లొచ్చాయి. గుర్రం ఓసారి తిరగబడితే ఎవరింటి ప్రహరీలో పడుతుందో చెప్పలేం.

అందుకని కైకలూరు వైపు చేపల చెరువులు చేసే బాబాయ్ దగ్గరికెళ్లాను. గట్టు మీద తవుడు బస్తాల లెక్క చూసుకుంటున్నాడు.

"పన్నెండెకరాల్లో గడ్డి పెంచుతారా? కోసి గేదెలకేస్తారా?"

"లేదు బాబాయ్, దాని మీద గుర్రాలు పరిగెడతాయి."

"ఎంతసేపు?"

"ఒక్కో చక్కర్ ఏడున్నర నిమిషాలు."

"మరి మిగతా రోజంతా ఆ భూమి ఏం చేస్తుందిరా?"

దీనికి సంఘం నిబంధనావళిలో జవాబు లేదు. బాబాయ్ తప్పేం లేదు, ఆ నేల లెక్కే అంత. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో కొల్లేటి అభయారణ్యం హద్దైన ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు పేల్చేశారు. పేల్చిన చోట మళ్లీ గట్లు లేచాయి. ఆటపాకలో గూడబాతులు ఏటా పిల్లల్ని చేసేది ఆ గట్ల మధ్యలోనే. మణిపూర్‌లో పోలో ఆడే పొట్టి గుర్రాలదీ ఇదే గోడు. బురదనేలల్లో మేసే జాతి అది. ఆ నేలలు పూడ్చి భవనాలు లేపితే, ఆట పుట్టిన ఊళ్లోనే అవి రోడ్డు పక్క చెత్త గెలుక్కుంటున్నాయి. ఆ సంగతి చెబితే బాబాయ్ నిజంగానే నొచ్చుకున్నాడు. కాసేపు ఆలోచించి, "పాపం, వాటిని ఇటు తోలుకొచ్చెయ్యండ్రా, కొల్లేటి నిండా గుర్రపుడెక్కేగా" అన్నాడు.

చివరికి ఒప్పుకున్నాడు. భూమి చూపిస్తాడట, సంఘానికి అధ్యక్షుడిగా మాత్రం ఆయన్నే పెట్టాలట. "ఐదో కాంటూరుకి పైనా, కిందా?" అనడిగితే, "అధ్యక్షుణ్ణి అలాంటివి అడక్కూడదు" అన్నాడు. కొన్ని మైదానాలకి రెండువైపులా బంతి పోకుండా చెక్క అంచు కడతారని, అది అడుగెత్తు కూడా ఉండకూడదని చెప్పాను.

"అడుగేం సరిపోద్దిరా? నాలుగువైపులా ఆరడుగుల గట్టేయిద్దాం. ఆ ఈశాన్యం మూల ఓ తూము పెట్టించావంటే, గుర్రాలొచ్చేలోపు రెండు పట్లు బొచ్చె, శీలావతి తీసేసుకోవచ్చు."