ఉచిత ఇంగ్లిషు పాఠాలు: ఫలితం లేకుండా వాడుకునే చిట్కాలు

హైస్కూలు ఇంగ్లిషు టీచర్లకు ఇప్పుడు దేనికీ కొదవలేదు. 2002లో యునెస్కో సమావేశం 'ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్' అని పేరు పెట్టిన సరుకు ఇవాళ కుప్పతెప్పలుగా దొరుకుతోంది. పైసా ఖర్చు లేదు, మార్చుకునే హక్కూ ఉంది. అయినా క్లాసులో చీమ కూడా కదలకుండా ఏడాది గట్టెక్కాలంటే ఈ చిట్కాలు పాటించండి.

1. డౌన్‌లోడ్ చేయండి, తెరవకండి. తెరిస్తే సగం మన పిల్లలకు పనికిరాదని తెలిసిపోయి ఫోల్డరు చిక్కిపోతుంది. కాంప్లెక్స్ మీటింగులో "నా దగ్గర 32 జీబీ మెటీరియల్ ఉందండీ" అనండి. ఏం నేర్పారని ఎవరూ అడగరు.

2. అక్షరం మార్చకండి. వర్క్‌షీట్‌లో 'టామ్ మేడ్ ఎ స్నోమ్యాన్' అని ఉంటే మహబూబ్‌నగర్ తొమ్మిదో తరగతికీ అదే ఇవ్వండి. 'రాజు మేడ్ ఎ కైట్' అని దిద్దారో, పాస్ట్ టెన్స్ అలాగే ఉంటుంది కానీ పిల్లలకు అర్థమైపోతుంది. తర్వాత వాళ్లే సొంతంగా ఇంకో వాక్యం చెబుతామంటారు. పీరియడ్ సరిపోదు.

3. లైసెన్సు చూడకండి. 'సీసీ బై' అంటే రాసినవారి పేరు చెప్పి వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. పక్కన 'ఎస్ఏ' ఉంటే మార్చినదాన్నీ అదే లైసెన్సుతో పంచాలి. 'ఎన్‌డీ' ఉంటే మార్చినది పంచకూడదు. రెండు నిమిషాల్లో బోధపడే సంగతికి అంత శ్రమ ఎందుకు? అడుగున ఉన్న పేరు కత్తిరించి, మీ పేరు రాసి జిరాక్స్ తీయించండి.

4. పిల్లల స్థాయి పట్టించుకోకండి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో కథలు స్థాయిలవారీగా ఉంటాయి. కూడబలుక్కుని చదివే టెన్త్ పిల్లవాడికి మొదటి స్థాయి కథ ఇస్తే, ఆసాంతం చదివేసి ఇంకోటి అడుగుతాడు. టెన్త్ పరువు పోతుంది. పై స్థాయిదే ఇవ్వండి. అక్కడి కథల్ని పిల్లలే అనువదించి పెట్టవచ్చన్న సంగతి మాత్రం పొక్కనీయకండి.

5. మాట్లాడించకండి. టెస్-ఇండియా సెకండరీ ఇంగ్లిషు యూనిట్లు పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టి మాట్లాడించమంటాయి. ఆ గోలకు హెచ్ఎం గారు రావచ్చు. ఆ సూచనల్నే బోర్డు మీద రాసి, నిశ్శబ్దంగా నోట్సులోకి ఎక్కించుకోమనండి.

6. ముందురోజు సిద్ధం కాకండి. పాఠ్యపుస్తకంలోని దీక్ష క్యూఆర్ కోడ్‌ను క్లాసులోనే, నెట్ లేని వేళ చూసి, స్కాన్ చేయండి. ఇంటి దగ్గరే వీడియో దించుకుంటే నెట్ లేకున్నా ఆడుతుంది. అప్పుడు మధ్యలో ఆపి ప్రశ్నలడగాల్సి వస్తుంది. అదే నెట్ లేకుండా స్కాన్ చేస్తే, తెర మీద తిరిగే చక్రాన్ని పిల్లలు చూస్తుంటారు, మీరు ఎఫ్ఏ మార్కులు వేసుకోవచ్చు.

7. బాగా కుదిరిన వర్క్‌షీట్‌ను పక్క ఊరి టీచరుకు ఇవ్వకండి. ఆమె దాన్ని ఇంకా బాగు చేసి మీకే పంపితే మళ్లీ చదవాలి.

ఏడాది చివర పిల్లలు ఇంగ్లిషులో నోరు విప్పకపోతే కంగారుపడకండి. 'తగినంత మెటీరియల్ లేదు' అని రిపోర్టులో రాసి, ఇంకో పెన్‌డ్రైవ్ అడగండి.