స్విచ్చు ముట్టని ఇంజినీరు

స్విచ్చు ముట్టని ఇంజినీరు కాలిఫోర్నియాలోని శాంటాక్లారా కౌంటీ అంతటా ఉన్నా, సన్నీవేల్‌లో మరీ విరివిగా కనిపిస్తాడు. ఎల్ కమీనో రియల్ రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఒంటి అంతస్తు ఇళ్లు అతని నివాసం. వయసు 35కీ 50కీ మధ్య. 2020 మార్చిలో కొవిడ్ వల్ల కంపెనీ ఇంటికి పంపినప్పుడు పడగ్గదుల్లో చిన్నదాన్ని ఆఫీసు చేసుకున్నాడు. తర్వాత కంపెనీ వారానికి మూడు రోజులు రమ్మన్నా ఆ గదిని మాత్రం వదల్లేదు. చిన్నప్పుడు నాన్న రోజుకు పదిసార్లు అరిచిన "పోయేటప్పుడు లైటు కట్టెయ్‌రా" అన్న మాటా వదల్లేదు. ఆ మాటను చేత్తో కాక సెన్సార్‌తో పాటించాలన్నది అతని వ్రతం.

వ్రతం పీఐఆర్ సెన్సార్‌తో మొదలవుతుంది. 20 డాలర్ల లోపు దొరుకుతుంది, చిన్న బ్యాటరీతో ఏడాది పైనే నడుస్తుంది. ఒంటి వేడిమి వల్ల వెలువడే పరారుణ కిరణాలు దాని ముఖాన ఉన్న గళ్ల ప్లాస్టిక్ కటకం గుండా లోపలి రెండు పలకల మీద పడతాయి. మనిషి ఒక గడి దాటి ఇంకో గడిలోకి వస్తే రెండు పలకల మధ్య తేడా పుడుతుంది. ఆ తేడా ఉంటేనే దానికి మనిషి ఉన్నట్టు. కదలని మనిషి దాని లెక్కలో గోడే. మన ఇంజినీరు ఉద్యోగమేమో కదలకుండా కూర్చోవడం. ఎవరో రాసిన కోడు చదువుతూ ఐదు నిమిషాలు బిగుసుకుపోతే చాలు, గది చీకటి. మీటింగు మధ్యలో ఇలా జరిగినప్పుడు రెండు చేతులూ ఎత్తి ఊపుతాడు. తెర మీది మేనేజరు అది ఉత్సాహం అనుకుంటాడు. అక్కర్లేని ప్రాజెక్టులు కొన్ని ఈ దారినే వచ్చి నెత్తిన పడతాయి.

దీపం ఆరే గడువును అరగంటకు పెంచితే ఈ బాధ చాలావరకు తీరుతుంది. కానీ అప్పుడు ఖాళీ గదిలో అరగంట దీపం వెలుగుతుంది. నాన్న ఎనిమిది వేల మైళ్ల అవతల లేరు, చెవిలోనే ఉన్నారు.

కాబట్టి రెండో దశ మిల్లీమీటర్ వేవ్ రాడార్. 24 లేదా 60 గిగాహెర్ట్జ్ తరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటిలోని మార్పును బట్టి ఇది మనిషిని పసిగడుతుంది. ఊపిరి తీసినప్పుడు ఛాతీ పొంగే పాటి కదలిక చాలు దీనికి. 2023లో వచ్చిన అకారా ఎఫ్‌పీ2 వంటి తయారు సరుకు కొనవచ్చు. అయితే ఈ జాతివాడు కొనడు. కొద్ది డాలర్లకే వచ్చే ఎల్‌డీ2410 రాడార్ ముక్కను తెప్పించి, ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు తానే సోల్డరింగ్ చేస్తాడు. విడిభాగాల కోసం షాపులు తిరిగే భాగ్యం మాత్రం పోయింది. 1985లో ఈ ఊళ్లోనే మొదటి దుకాణం తెరిచిన ఫ్రైస్ ఎలక్ట్రానిక్స్ 2021 ఫిబ్రవరిలో పూర్తిగా మూతపడింది. ఆ సంగతి వచ్చినప్పుడు ఇతని గొంతు బొంగురుపోతుంది.

రాడార్‌కు కళ్లు ఎక్కువ, వివేకం తక్కువ. తిరిగే ఫ్యానూ, ఏసీ గాలికి ఊగే కర్టెనూ, కుండీలో మనీప్లాంటు ఆకూ దానికి మనుషులే. పైగా ఇక్కడి గోడలు చెక్క చట్రాల మీద బిగించిన జిప్సం పలకలు. తరంగాలు వాటిని కొంతవరకు దాటిపోతాయి. గోడ అవతల వంటింట్లో భార్య పోపు వేస్తుంటే ఇవతల ఆఫీసులో దీపం వెలుగుతుంది. దానికి విరుగుడుగా సెన్సార్ చూసే దూరాన్ని ముప్పావు మీటరు మెట్లుగా తగ్గించుకుంటూ వస్తాడు. "ఏమండీ, అన్నం చల్లారిపోతోంది" అన్న పిలుపు వచ్చేసరికి అతను కుర్చీలో శవాసనం వేసి, ఊపిరి బిగబట్టి, తెర మీద రాడార్ గీత ఎక్కడ పడిపోతుందో చూస్తుంటాడు.

సరైన జవాబు నిజానికి తేలికే. దీపం వెలిగించే పని పీఐఆర్‌కు, నిలిపి ఉంచే పని రాడార్‌కు అప్పగించి, రెండూ ఊరుకున్నాక ఆర్పెయ్యాలి. పీఐఆర్ గోడ అవతలి మనిషిని చూడదు కాబట్టి దొంగ వెలుగులు ఉండవు. రాడార్ కదలని మనిషిని మరచిపోదు కాబట్టి దొంగ చీకట్లు ఉండవు. ఇతను ఇక్కడికి చేరుతాడు గానీ ఇక్కడ ఆగడు. తలుపుకు అయస్కాంతపు సెన్సార్ తగిలిస్తాడు: తలుపు మూశాక లోపల కదలిక కనిపిస్తే, మళ్లీ తలుపు తెరిచేదాకా మనిషి లోపలే ఉన్నట్టు. తర్కం నిర్దుష్టం, కిటికీ లోంచి దూకితే తప్ప.

ఆ పైన వెలుతురు కొలిచే సెన్సార్. ఏడాదిలో ముప్పాతిక భాగం ఎండ కాసే ఊళ్లో పట్టపగలు దీపం ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ సెన్సార్‌ను దీపం కిందే పెడితే, అది ఆ దీపపు వెలుగే చూసి గది వెలుతురుగా ఉందని ఆర్పేస్తుంది, చీకటి చూసి వెలిగిస్తుంది, మళ్లీ ఆర్పేస్తుంది. ఇంట్లో వాళ్లకు ఇది తెలుగు సినిమాలో దయ్యం వచ్చే ముందు దృశ్యం. అందుకే దాన్ని కిటికీ వైపు తిప్పి పెట్టాలి, ఆర్పే హద్దుకూ వెలిగించే హద్దుకూ మధ్య ఎడం ఉంచాలి.

ఈ వ్యవస్థ మొత్తానికీ సహజ శత్రువు విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చే అమ్మ. ఆవిడ గది దాటుతూ గోడ మీది స్విచ్చు కట్టేస్తుంది. స్మార్ట్ బల్బుకు ఆ తీగ నుంచే కరెంటు అందాలి. అది ఆగాక సెన్సార్లు నాలుగూ కలిసి మొరపెట్టుకున్నా వినేవాడు లేడు. స్విచ్చు ముట్టొద్దని చెబితే, "కట్టెయ్యకపోతే ఎట్లా ఆరుద్ది నాయనా?" అంటుంది. అతను అరగంట వివరిస్తాడు. ఆవిడ శ్రద్ధగా వింటుంది, వెళ్తూ కట్టేసి వెళ్తుంది. ఆ స్విచ్చు మీద అంటించిన టేపు ఇలాంటి ఇళ్లన్నిట్లోనూ కనిపిస్తుంది.

లెక్క చూద్దాం. 9 వాట్ల బల్బులు నాలుగు, రోజుకు నాలుగు గంటలు మరచిపోయి వదిలేసినా ఏడాదికి 53 యూనిట్ల లోపే. పీజీ అండ్ ఈ కరెంటు బిల్లులో యూనిట్ 40 సెంట్లు అనుకుంటే 21 డాలర్లు. పనికిరాక సొరుగులో పడ్డ సెన్సార్లతో కలిపి ఖర్చు 200 డాలర్లు దాటి ఉంటే, పెట్టుబడి తిరిగి రావడానికి పదేళ్లు. శనివారాల కూలి ఇందులో కలపలేదు.

కాలిఫోర్నియా ఇంధన నియమావళి టైటిల్ 24 ఈ చిక్కును చవగ్గా తేల్చేసింది. కొత్త ఇళ్లలో బాత్రూము, గ్యారేజీ, బట్టలుతికే గది వంటి చోట్ల కనీసం ఒక దీపమైనా మనిషి వెళ్లిపోయాక దానంతటదే ఆరాలంటుంది. అందుకు అమ్మే గోడ స్విచ్చు చేత్తో నొక్కితే వెలుగుతుంది, ఎవరూ లేకపోతే ఆరిపోతుంది. దొంగ వెలుగుల బెడద లేదు, అమ్మతో పేచీ లేదు. ఆఫీసు గదికి చాలామందికి ఇదే చాలు. మన ఇంజినీరు గ్యారేజీలో అది ఏళ్లుగా పనిచేస్తూనే ఉంటుంది. ఆఫీసులోకి మాత్రం రానివ్వడు, ఒకసారి నొక్కాలి కదా.

పిల్లల స్కూళ్ల కోసం కూపర్టినోకో శాన్ రమోన్‌కో మారేటప్పుడు ఇల్లు అమ్మే ఏజెంటు మొదట చెప్పే పని, స్విచ్చుల మీది టేపులు పీకి మామూలు బల్బులు పెట్టించడం. వచ్చి చూసేవాళ్లు స్విచ్చు వేస్తే దీపం వెలగాలంటాడు. ఇంజినీరు ఒక సాయంత్రంలో అన్నీ విప్పి, ఒక్కోదానికి చీటీ అంటించి డబ్బాలో సర్దుతాడు. కొత్త ఇంట్లో పాలు పొంగే వేళకు అతను ఆఫీసు గదిలో టేపు పట్టుకుని, గుమ్మం నుంచి బల్లదాకా ఎన్ని ముప్పావు మీటర్లో కొలుస్తుంటాడు.